సున్నుండల డబ్బాలో బొగ్గులు

తిరువూరు,
17 ఫిబ్రవరి 2025

తమ్ముడు బసవపున్నయ్యకి అక్క సీతారావమ్మ దీవెనలు, కాస్త చిరాకు కలిపి.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని మరదలు నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్లో నువ్వన్న మాట మర్నాటికి అనలేదంటావు, నేను అనని మాట అన్నానంటావు. కిందటేడు బోరు మోటారు సంగతి అట్లాగే అయింది. అందుకని ఉమ్మడి తోట వ్యవహారం ఏదున్నా ఇక కాగితం మీదే. ముప్ఫై ఒక్క ఏళ్ళు విశాఖపట్నంలో ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరుగా చేసినవాడివి, కాగితం విలువ నీకు నేను చెప్పక్కర్లేదు.

సంగతేంటంటే, తొమ్మిదో తారీకు ఆదివారం పొద్దున నువ్వు బస్సెక్కావు. బుధవారం మధ్యాహ్నం మన రెడ్డిగూడెం తోటలో ఎరువు దిబ్బ అంటుకుంది. పడమటి గాలి కొట్టి, పక్కనే ఉన్న శౌరయ్య పాక పావుగంటలో కాలిపోయింది. ఆ టైములో శౌరయ్య మోటారు దగ్గర ఉన్నాడు, జోజమ్మ కూలికి వెళ్ళింది, వాళ్ళమ్మాయి గ్లోరి కాలేజీలో ఉంది. మనుషులకేం కాలేదు, అదే పదివేలు. బీరువా, బట్టలు, గ్లోరి డిగ్రీ పుస్తకాలు, ఇరవై రెండేళ్ళుగా మన తోటకి కాపలా ఉంటూ వాళ్ళు కూడబెట్టుకున్న సామాను మొత్తం పోయింది. మనకి నాలుగు మామిడి చెట్లు ఒక పక్క మాడి పూత రాలింది.

విశ్వతేజ వెళ్ళి చూసొచ్చి, ఇది శౌరయ్య చుట్ట పనేనని తేల్చాడు. నా కొడుకు పురుగుమందుల కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఆకు చూడకుండానే తెగులు పేరు చెప్పడం అలవాటైంది. కోడలు వినీల కూడా అంతేనంది. నెలాఖరుకి తోట ఖాళీ చెయ్యమన్నారు. శౌరయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. కాయ దించే ముందు నమ్మకమైన మనిషిని ఇట్లా పంపడం నాకు మింగుడు పడడంలేదు.

పాక కాలడానికి నాలుగు రోజుల ముందు అదే తోటలో విశ్వతేజా వినీలా వాళ్ళ పెళ్ళిరోజని బార్బెక్యూ పెట్టారు కదా. రెండు గంటలు విసిరినా కోడి ముక్క పైన మాడింది, లోపల పచ్చిగానే ఉంది. చివరికి అందరం తిన్నది జోజమ్మ వండిన కోడి పులుసే. అయినా బొగ్గులు ఆర్పడం మీద నువ్వు చెప్పిన ఉపన్యాసం ఎవరూ మర్చిపోలేదు, విశ్వతేజ వీడియో కూడా తీశాడు. కాబట్టి బొగ్గుల వల్ల కాదని అందరికీ నమ్మకమే. శౌరయ్య తరఫున వాళ్ళ చర్చి ఫాదర్ గారు వచ్చి గట్టిగా అడుగుతున్నారు. నువ్వు తెలిసినవాడివి, ఏ సంగతీ కాగితం మీద రాసి పంపు.

ఇంకొకటి. సున్నుండలు పెట్టిచ్చిన స్టీలు డబ్బా నా పెళ్ళినాటిది. మూత మీద నా పేరు కొట్టించి ఉంటుంది. ఇటు ఎవరైనా వస్తుంటే పంపు.

అక్క


విశాఖపట్నం,
24 ఫిబ్రవరి 2025

అక్కయ్యకి నమస్కారాలతో,

నీ ఉత్తరం అందింది. నెంబరు ఒకటి వేసి ఫైల్లో పెట్టాను.

విషయాన్ని శాస్త్రీయంగా చూద్దాం. బొగ్గులు ఆర్పడంలో మొదటి పని గాలి ఆపడం. పొయ్యి మూత వేసి, కింది రంధ్రాలు మూసి అరగంట ఆగాను. తర్వాత దూరంగా నిలబడి నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లాలి. ఒక్కసారే బకెట్టు గుమ్మరిస్తే ఆవిరి మొహానికి కొడుతుంది. కర్రతో కదుపుతూ, చప్పుడు ఆగేదాకా చల్లుతూనే ఉండాలి. ఆ పని చెయ్యబోతే, తడి బూడిద పొయ్యికి పట్టుకుంటే పోదని నువ్వు అడ్డొచ్చావు. అది వేరే సంగతి. అప్పుడు రెండో పద్ధతి అమలు చేశాను. ప్లాస్టిక్ తొట్టి పనికిరాదు, ఇనుపదో స్టీలుదో బిగుతు మూత ఉన్న డబ్బా కావాలన్నాను. నువ్వు సున్నుండలు పళ్ళెంలోకి తీసి డబ్బా ఇచ్చావు. బొగ్గులు అందులో పోసి, మూత బిగించి, కట్టడాలకి దూరంగా వట్టి నేల మీద పెట్టాను. రెండు రోజులు ఎవరూ కదపకూడదని అందరికీ చెప్పాను. ఇదంతా వీడియోలో ఉంది.

కనుక బొగ్గులు కారణం కావు. మిగిలింది చుట్ట. తాగినవాడు ఏనాడూ ఒప్పుకోడు, ఫ్యాక్టరీలో ఇలాంటివాళ్ళని ఎందరినో చూశాను. నా హయాంలో ఒక్క ప్రమాదం కూడా రికార్డు కాలేదంటే ఊరికే కాలేదు. గోడౌను కాలిన ఏడు కూడా దాన్ని ప్రమాదం అనకూడదు, సంఘటన అనాలని పైవాళ్ళని ఒప్పించింది నేనే.

నివేదిక జత చేశాను. రిటైరయినా రబ్బరు స్టాంపు నా దగ్గరే ఉంది కాబట్టి అది కూడా వేశాను. ఫాదర్ గారికి చూపించు.

సున్నుండలు బాగున్నాయి. ఒక వాయి మినుములు మాడాయేమోనని మీ మరదలు అంది, నేను పట్టించుకోలేదు. డబ్బా భద్రంగా ఉంది.

ఇట్లు,
బసవపున్నయ్య


తిరువూరు,
7 మార్చి 2025

తమ్ముడికి,

నీ నివేదికకి ఇక్కడ జరిగిన మర్యాద విను. విశ్వతేజ దాన్ని లామినేషన్ చేయించి తోటలో మోటారు గదికి వేలాడదీశాడు. ఫోటో తీసి మూడు గ్రూపుల్లో పెట్టాడు. ఎవరో నీ స్టాంపుకి దండం బొమ్మ కూడా పెట్టారు. ఫాదర్ గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు, మడత పెట్టబోతే మడత పడలేదు, అట్లాగే చేతికిచ్చి వెళ్ళిపోయారు.

ఒకటో తారీకున శౌరయ్య వాళ్ళు వెళ్ళిపోయారు. ట్రాక్టరు తెప్పించారు కానీ సామాను ట్రక్కులో ఒక మూలకి కూడా సరిపోలేదు. తిరువూరులో జోజమ్మ చెల్లెలు మేరమ్మ ఇంటి వరండాలో ఉంటున్నారు. బుధవారం వెళ్ళి చూశాను. అప్పుడే చర్చి నుంచి వచ్చారు. వాళ్ళకది బూడిద బుధవారమట. ముగ్గురూ నుదుట బూడిదతో నా ముందు నిలబడ్డారు. నేను ఎటు చూడాలో తెలియక మేరమ్మ కోళ్ళ వైపు చూశాను.

చుట్ట మాట ఎత్తితే జోజమ్మ అన్నదిది: "చుట్ట మానేసి మూడేళ్ళయిందమ్మగారూ. దగ్గు డాక్టరు తిట్టాడని మీరే గదండీ మాన్పించింది."

నిజమే. కట్ట మొత్తం కాలవలో పారేసింది నేనే. పొయ్యి అంటావేమో, వాళ్ళు గ్యాస్ మీద వండుతారు. సిలిండరు మోటారు గది వెనక ఉండేది, దానికేం కాలేదు. కాబట్టి నీ నివేదికలో కారణం ఒకటి చెల్లలేదు. నువ్వు నిపుణుడివి, ఇంకోటి చూడు.

కాపలాకి కొత్తవాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకడు రెండు రోజులున్నాడు, రెండోవాడు వైఫై ఉందా అని అడిగి అసలు రాలేదు. కోతులు మాత్రం క్రమం తప్పకుండా వస్తున్నాయి. డబ్బా సంగతి నువ్వు రాయలేదు.

అక్క


విశాఖపట్నం,
14 మార్చి 2025

అక్కయ్యకి,

నీ రెండో ఉత్తరానికి జవాబు. చుట్ట కాకపోతే కొవ్వొత్తి. వాళ్ళు మేరీమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తారు, నేను కళ్ళారా చూశాను. కొవ్వొత్తి కూడా కాదంటే గాజు సీసా మీద ఎండ పడి ఉండొచ్చు. అదీ కాదంటే, ఎరువు దిబ్బ లోపల వేడెక్కి తనంతట తాను అంటుకోవడమనేది శాస్త్రంలో ఉన్నదే. మూడింట్లో నీకు నచ్చినది తీసుకో, నివేదిక సవరించి స్టాంపు వేసి పంపుతాను.

ఇకముందు తోటలో బార్బెక్యూ పెడితే పాటించాల్సిన పదకొండు నియమాలు విడిగా రాశాను. తొమ్మిదోది ముఖ్యం. బొగ్గులు ఆర్పిన మనిషి అవి పూర్తిగా చల్లారాయని చేత్తో చూసుకునేదాకా ఆ చోటు వదిలి వెళ్ళకూడదు. దీన్ని కూడా లామినేషన్ చేయించమను.

శౌరయ్య మీద నాకేం కోపం లేదు. కానీ ఒకసారి రాసిన నివేదికని ఊరికే వెనక్కి తీసుకుంటే ఇక నా మాటకి విలువేముంటుంది?

డబ్బాలో మీ మరదలు కందిపప్పు పోసింది. అయిపోగానే పంపుతాం.

ఇట్లు,
బసవపున్నయ్య


తిరువూరు,
22 మార్చి 2025

బసవపున్నయ్యా,

కొవ్వొత్తి పటం పాకలో తూర్పు గోడకి ఉండేది. దిబ్బ పడమర. నిప్పు అటు నుంచి ఇటొచ్చింది. ఎండా సీసా నువ్వే దాచుకో.

శౌరయ్యకి వినగడపలో ఒకాయన తోటలో పని దొరికింది. పని దొరికింది కానీ పేరు ముందే వెళ్ళింది. అక్కడ అందరూ అగ్గి శౌరయ్య అని పిలుస్తున్నారట. ఆ ఆసామి రోజూ సాయంత్రం వచ్చి అతని జేబులు తడిమి చూసి వెళుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి చేతులెత్తి నిలబడుతున్నాడని గ్లోరి చెప్పింది. చెప్తూ ఏడవలేదు, ఆ పిల్లని చూసి నాకే ఏడుపొచ్చింది.

గ్లోరి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. పాక కాలిన మర్నాడు సర్టిఫికెట్లు ఏవైనా మిగిలాయేమోనని వెతుకుతూ తీసిందట. దిబ్బ నడుమ, అడుగున, తుమ్మ బొగ్గు ముక్కలు. వాటి మధ్య వెండి రంగు కాగితం. వినీల బార్బెక్యూలో మొక్కజొన్న పొత్తులకి చుట్టిందే అది. మన బొగ్గులు రెండు రోజులు కదలకుండా డబ్బాలో ఉండాలి కదా. డబ్బా నీ ఇంట్లో కందిపప్పుతో ఉంది కదా. మరి ఇవి దిబ్బలోకి ఎట్లా వెళ్ళాయి?

దీనికి జవాబు రాయి. నియమాలు వద్దు.

అక్క


విశాఖపట్నం,
31 మార్చి 2025
(కార్డు)

అక్కయ్యకి ఉగాది శుభాకాంక్షలు. కుడి చెయ్యి నొప్పిగా ఉండడం వల్ల వివరంగా రాయలేకపోతున్నాను. ఈసారి పచ్చట్లో వేపపువ్వు ఎక్కువైంది. ఇక్కడ ఎండలు ముదిరాయి. డబ్బా గురించి మీ మరదలిని అడిగి చెబుతాను.
బసవపున్నయ్య


తిరువూరు,
6 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

చెయ్యి నొప్పి తగ్గిందనుకుంటాను. ఈ ఉత్తరానికి కూడా నెంబరు వేసుకో.

ఆ రాత్రి తోటలోనే పడుకున్నాం కదా, ఆదివారం పొద్దున లేచాక డబ్బా అడిగింది నేను. మరదలి దగ్గరికి ఖాళీ చేతులతో ఏం వెళ్తావు, కవర్లో పెడితే సున్నుండలు నలుగుతాయి, ఆ డబ్బా ఖాళీ చేసి తీసుకురా అన్నాను. రెండు రోజులు కదపకూడదని నువ్వు చెప్పి పట్టుమని పన్నెండు గంటలు కాలేదు. నువ్వు కాదనలేదు. నిండు డబ్బాతో దిబ్బ వైపు వెళ్ళి ఖాళీ డబ్బాతో వచ్చావు. పొయ్యిలో బూడిద చెట్లకి బలమని మన నాన్న ఎప్పుడూ దిబ్బలోనే పోసేవాడు, నువ్వూ అదే చేశావు. ఇంతవరకూ తప్పు ఇద్దరిదీ.

తర్వాతది నాది ఒక్కదానిదే. డబ్బా కడుగుదామని చెంబుడు నీళ్ళు పోస్తే చుయ్యిమంది. ఆవిరి మొహానికి కొట్టింది. అడుగే ఇంత వేడిగా ఉంటే అందులోంచి పోసినవి ఎట్లా ఉంటాయని ఆ క్షణంలోనే అనుకున్నాను. అనుకుని చింతపండు వేసి తోమాను, తుడిచాను, సున్నుండలు పేర్చాను. బుధవారం దిబ్బ అంటుకుందని ఫోనొచ్చినప్పుడు నాకు ముందు వినపడింది ఆ చుయ్యిమన్న చప్పుడే. అయినా నీకు రాసిన మొదటి ఉత్తరంలో బొగ్గుల వల్ల కాదని అందరికీ నమ్మకమే అని రాశాను. నువ్వు అవునంటావని తెలిసే రాశాను. నీ స్టాంపు పడితే నా చెవికి ఆ చప్పుడు వినపడదనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న విశ్వతేజతో చెప్పాను. వాళ్ళు ఎట్లాగూ వెళ్ళిపోయారు కదమ్మా, ఇప్పుడెందుకు బయటపెట్టడం అన్నాడు. మూడు గ్రూపుల్లో పెట్టిన కాగితమాయె, వాడి బాధ వాడిది.

డబ్బా పంపు. డబ్బా మీద మోజుతో అడగడంలేదు. లోపల అడుగున కాలిన మచ్చ ఉండాలి. ఉంటే నువ్వు చూసే ఉంటావు.

అక్క


విశాఖపట్నం,
13 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరానికి నెంబరు వెయ్యలేదు.

మచ్చ ఉంది. వచ్చిన రోజే చూశాను. అడుగు వరస సున్నుండలన్నీ పొగ వాసన వేశాయి. మినుములు మాడాయేమోనని మీ మరదలు అంటే, అవును, అక్కకి చూపు తగ్గిందన్నాను. కందిపప్పు మాట అబద్ధం. డబ్బాని అటక మీద పెట్టి మూడు గోనె సంచులు కప్పాను.

నీకు తెలియనిది ఒకటుంది. డబ్బా దిబ్బ మీద వంచినప్పుడు బూడిద జారి, రెండు మూడు ముక్కలు ఎర్రగా కనపడ్డాయి. నీళ్ళ కుండీ ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆటో వచ్చి హారన్ కొడుతోంది. ముందురోజు అందరి ముందూ అంత చెప్పినవాడిని, పొద్దున్నే బిందె పట్టుకుని పరిగెడితే ఏమనుకుంటారనిపించింది. కాలితో ఎండాకులు లాగి పైన కప్పేశాను. సేఫ్టీ ఆఫీసర్ని, నిప్పు మీద ఎండాకులు కప్పాను. కనపడకపోతే లేనట్టేనని నా ఉద్యోగంలో అలవాటైంది అక్కా. అక్కడ కాలినవి గోడౌన్లు, ఇక్కడ ఒక మనిషి ఇల్లు.

కొత్త నివేదిక రాశాను. ప్రమాద కారణం అన్న చోట నా పేరు రాసి స్టాంపు వేశాను. పాతది చించెయ్యి. డబ్బా పార్సిల్లో వస్తోంది. ఖాళీ డబ్బా పంపకూడదని మీ మరదలు జీడిపప్పు పొయ్యబోతే వద్దన్నాను. అందులో ఆ కాగితం ఒక్కటే ఉంటుంది. శౌరయ్య ముందు నువ్వే చదువు. నాకు రావడానికి మొహం లేదు.

నీ తమ్ముడు


తిరువూరు,
25 ఏప్రిల్ 2025

తమ్ముడికి అక్క దీవెనలు. ఈసారి చిరాకు లేదు.

పార్సిల్ అందింది. ముందు తోటకి వెళ్ళి మోటారు గది మీది పాత నివేదిక తీశాను. లామినేషన్ చేసింది చేత్తో చిరగదని అప్పుడు తెలిసింది. ఇంటికి తెచ్చి కత్తిపీట మీద కోశాను. విశ్వతేజ చూస్తూ ఊరుకున్నాడు. వినగడప వెళ్ళాలంటే మాత్రం కారు తీశాడు.

ఈస్టరు వెళ్ళిన మర్నాడు అది. ఆ తోట ఆసామిని కూడా కూర్చోబెట్టి నీ కాగితం చదివాను. నీది అయ్యాక నాది చెప్పాను, నాకు స్టాంపు లేదు కాబట్టి నోటితోనే. ఆసామి నేల చూపులు చూశాడు. జోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శౌరయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఆటో మలుపు తిరగ్గానే నేను ఆకులు తీసి చూశానమ్మగారూ," అన్నాడు. "ఎర్రగా ఉన్నాయి. రెండు బిందెలు పోశాను. పైన చల్లబడ్డాయి. ఇంకో బిందె పోసుంటే అడుక్కి దిగేది. పూతకి మందు కొట్టేవాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాను."

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అయ్యగారు దగ్గరుండి ఆర్పానని అందరి ముందూ చెప్పారు గదండీ. వీడియో కూడా తీశారు. ఆయన ఆర్పినవాటిని నేను మళ్ళీ ఆర్పానని ఎట్టా చెప్తాను?"

తమ్ముడూ, నువ్వు పదకొండు నియమాలు రాశావు. అవేవీ చదవని మనిషి నీ వెనకాలే వెళ్ళి నిప్పార్పాడు. ఆ మూడో బిందె పొయ్యలేదని రెండు నెలల నుంచి తనని తానే తిట్టుకుంటున్నాడట. ఆ మాట విన్నాక విశ్వతేజ బయటికి వెళ్ళి కారు పక్కన నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, శౌరయ్యా, తప్పయిపోయింది, వచ్చెయ్యండి అన్నాడు. వాడు పుట్టాక వాడి నోట ఆ మాట నేను వినడం ఇదే.

శౌరయ్య రానన్నాడు. కోపంగా అనలేదు. ఈ కాయ దిగేదాకా ఉంటానని ఆసామికి మాటిచ్చాడట. పాక చోట రేకుల గది కట్టిస్తామంటే, కట్టించండి, వచ్చేవాళ్ళకి పనికొస్తుందన్నాడు. ఆ వచ్చేవాళ్ళలో తను ఉంటాడో లేదో చెప్పలేదు, అడిగే హక్కు నాకు లేదు. సాయంత్రం జేబులు తడమడం మాత్రం ఆ రోజుతో ఆగిందని గ్లోరి ఫోన్ చేసి చెప్పింది.

మూడు గ్రూపుల్లోనూ విశ్వతేజ నీ కొత్త కాగితం పెట్టాడు. దీనికి ఎవరూ దండం పెట్టలేదు. తోటలో కెమెరా బిగించాడు. పొగ కనపడితే వాడి ఫోనుకి కబురొస్తుందట. కబురొచ్చాక బిందె పట్టుకుని ఎవరు వెళ్తారని అడిగితే, అది ఇంకా ఆలోచించలేదన్నాడు.

డబ్బా జోజమ్మ దగ్గరే వదిలేసి వచ్చాను. మచ్చ ఎంత తోమినా పోలేదు. మొన్న గ్లోరి అందులో ఈస్టరు కేకు ముక్కలు పెట్టి తీసుకొచ్చింది. ముక్కలు నా పళ్ళెంలోకి తీసుకుని, డబ్బా నిండా సున్నుండలు పేర్చి మళ్ళీ ఆ పిల్ల చేతికే ఇచ్చాను. తిరిగి ఇమ్మని చెప్పలేదు.

అక్క